థెరపీ డాగ్ తయారీ డైరీ: 37 వారాలు, ఒక ఫెయిల్, అయిదు విజిట్లు

పెంపుడు కుక్కతో కలిసి ఆసుపత్రులకో వృద్ధాశ్రమాలకో బడులకో వాలంటీరుగా వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఈ లెక్క రాసిపెట్టాం. కుదిరినవాటి కన్నా కుదరనివే ఇందులో ఎక్కువ. కావాలంటే ఇదే వరసలో చేయండి, తప్పులు మాత్రం మళ్లీ చేయకండి.

ముందు ఒక స్పష్టత. సర్వీస్ డాగ్ ఒకే మనిషి వైకల్యానికి తగినట్టు ప్రత్యేకమైన పనులు నేర్చుకుంటుంది, ఆ మనిషితోనే ఉంటుంది. థెరపీ డాగ్ పని వేరు. పిలిచిన చోటికి తన మనిషితో వెళ్లి, ముక్కూ మొహం తెలియనివాళ్లు నిమిరితే హాయిగా ఉండటమే దాని పని. పరీక్ష పాసైనంత మాత్రాన దుకాణాల్లోకో విమానాల్లోకో వెళ్లే హక్కేమీ రాదు. ఇంకో సంగతి, పరీక్ష కుక్కకు ఒక్కదానికే కాదు, జట్టుకు. అదే కుక్కను ఇంట్లో ఇంకొకరు తీసుకెళ్లాలంటే వాళ్లూ విడిగా పరీక్ష రాయాలి.

దశ 0: మొదలుపెట్టే ముందు కొలతలు

కుక్క: మగది, ఏ జాతీ అని చెప్పలేని మిశ్రమం. వయసు 2 ఏళ్ల 8 నెలలు, బరువు 23.4 కిలోలు. "కూర్చో", "పడుకో", "రా" అప్పటికే వచ్చు. పెట్ పార్ట్‌నర్స్ లాంటి, థెరపీ జట్లను పరీక్షించి నమోదుచేసుకునే సంస్థలు కుక్కకు కనీసం ఏడాది వయసు, మనతో కనీసం ఆరు నెలల సావాసం ఉండాలంటాయి. ఈ రెండో నియమాన్ని చాలామంది లెక్కచేయరు. ఆరు నెలలైనా కలిసి ఉండకపోతే కుక్క ఇబ్బంది పడుతున్నప్పుడు దాని మొహం ఎలా మారుతుందో మనకు తెలియదు.

పశువైద్యుడి దగ్గర చేయించినవి:

1. రేబిస్ టీకా, దాని సర్టిఫికెట్ కాపీ.
2. మలపరీక్ష, పురుగుల కోసం.
3. చెవులు, పళ్లు, చర్మం, కీళ్లు. నడుము నొప్పి ఉన్న కుక్క వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడుతుంది. దాన్ని శిక్షణతో సరిచేయలేం.
4. తిండి గురించి మాట్లాడటం.

మొదటి తప్పు ఈ నాలుగో దానిలోనే జరిగింది. ఆరోగ్య కేంద్రాల్లోకి జంతువులను అనుమతించే మార్గదర్శకాల ప్రకారం, గడిచిన 90 రోజుల్లో పచ్చి మాంసం తిన్న కుక్క లోపలికి రాకూడదు. సాల్మొనెల్లా లాంటి క్రిములు కుక్కకు జబ్బు చేయకపోయినా దాని మలంలోంచి బయటికి వస్తూనే ఉంటాయి. గిన్నెలో పెట్టేదంతా ఉడికించిన తిండే కదా అని నిశ్చింతగా ఉన్నాం. కానీ ట్రీట్ల డబ్బాలో నమలడానికి ఇచ్చే ముక్కలు ఉడికించినవి కావు, పచ్చివే ఎండబెట్టినవి. ఎండబెట్టినా అవి పచ్చి కిందే లెక్క. 90 రోజుల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ట్రీట్ల ప్యాకెట్లన్నీ ముందే తిరగేసి చదవండి.

మొదటి రోజు రాసుకున్న మూడు అంకెలు:

- విశ్రాంతిలో శ్వాస: నిమిషానికి 18 (30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించాం). ఎదిగిన కుక్కలకు 10 నుంచి 30 దాకా మామూలే.
- తేరుకునే సమయం: పక్కగదిలో గిన్నె పడింది. ఆ ఉలికిపాటు తర్వాత మళ్లీ ట్రీట్ తీసుకోవడానికి 22 సెకన్లు.
- ట్రీట్ తీసుకునే తీరు: మెత్తగా, పెదవులతో.

మూడోది అంకె కాదని వదిలేయకండి. అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది అదే. కుక్కకు లోపల ఒత్తిడి పెరిగితే మెత్తగా తీసుకునేది కాస్తా వేళ్లకు పళ్లు తగిలేలా లాక్కుంటుంది. ఇంకా పెరిగితే అసలు తీసుకోదు.

సామాన్లు: 4 అడుగుల మామూలు లీష్ (చాలాచోట్ల 6 అడుగులకు మించనివ్వరు, సాగే లీష్‌లను ఒప్పుకోరు), చప్పుడు చేయని చదును మెడపట్టీ, తేలిగ్గా చుట్టేసే చాప, శనగ గింజంత ట్రీట్లు, ఫోన్‌కి స్టాండ్, టైమర్, నోట్‌బుక్. ముళ్ల కాలర్లు, బిగుసుకునే గొలుసులు పరీక్షలోకి రానివ్వరు. వాటితో నేర్పినది వాటిని తీసేసిన రోజు నిలబడదు కూడా.

దశ 1: పునాదులు (1–5 వారాలు)

మూడే పనులు: లీష్ వదులుగా నడవడం, చాప మీద పడుకోవడం, "వదిలెయ్". రోజుకు ఒకటో రెండో సెషన్లు, ఒక్కోటి 5 నిమిషాలు. అంతకు మించితే ఆరో నిమిషం నుంచి తప్పులు పెరిగాయి.

దెబ్బతిన్నది "వదిలెయ్" దగ్గర. నేల మీద పెట్టిన తిండిని పదికి పదిసార్లు వదిలేసింది. అదే ముక్క బల్ల మీదినుంచి జారిపడితే పదికి రెండుసార్లే. మనకు రెండూ ఒకటే. కుక్కకు మాత్రం కదలకుండా ఉన్న వస్తువు వేరు, పడి దొర్లే వస్తువు వేరు. ఆసుపత్రి గదిలో పడేవి దొర్లేవే, అంటే మాత్రలు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకు విషం. చక్కెర బదులు వాడే జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ కూడా అంతే. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం "చాలావరకు వింటుంది" అంటే సరిపోదు.

మార్చిన పద్ధతి:

1. నడుము ఎత్తునుంచి కాకుండా నేలకు 5 సెంటీమీటర్ల పైనుంచి ఒక ముక్క వదలాలి. కుక్క ముందుకు కదిలితే చేత్తో మూసేయాలి, తిట్టకూడదు.
2. కుక్క కళ్లు ముక్క మీదినుంచి మన మొహం వైపు తిరిగిన క్షణాన ఇంకో చేతిలోంచి ట్రీట్ ఇవ్వాలి. నేల మీది ముక్కను ఎప్పుడూ ఇవ్వకూడదు. "కాసేపాగితే అదీ నాకే" అనుకునే కుక్క మాత్ర దగ్గరా అలాగే కాచుకుని కూర్చుంటుంది.
3. పదికి తొమ్మిది వచ్చాక 20, 50, 90 సెంటీమీటర్లకు ఎత్తు పెంచాలి.
4. ఆ తర్వాత నడుస్తూ. ఆ తర్వాత మూడు వేర్వేరు చోట్ల.

సాధనకు నిజం మాత్రలు వాడనే వద్దు. మాత్రంత కోసిన క్యారెట్ ముక్కలు వాడాం, ఒకటి మింగినా ప్రమాదం లేదు. 5వ వారం చివరికి 90 సెంటీమీటర్ల ఎత్తునుంచి, మూడు చోట్లా కలిపి 30కి 28.

ఇప్పటివరకు: 46 సెషన్లు, 3 గంటల 50 నిమిషాలు.

దశ 2: చక్రాలు, కర్రలు, స్టాండ్లు (6–10 వారాలు)

అరువు తెచ్చుకున్నవి: వీల్‌చైర్, వాకర్, ఒక జత అల్యూమినియం చంక కర్రలు. సెలైన్ స్టాండ్ దొరకలేదు. చక్రాలున్న బట్టల స్టాండుకు నీళ్ల సీసా వేలాడదీస్తే ఆ పనే చేసింది.

నిలబెట్టిన వీల్‌చైర్‌తో ఇబ్బంది లేదు. కదిలితే మాత్రం 2.5 మీటర్ల దగ్గర కుక్క వెనక్కి జంకింది. దానికి మేం చేసింది తప్పు. ట్రీట్ చూపించి కుర్చీ దగ్గరికి రప్పించాం. వచ్చింది, మెడ బాగా చాపి, వెనక కాళ్లు అక్కడే ఉంచి ట్రీట్ అందుకుంది. తిన్న మరుక్షణం తను కుర్చీకి ఎంత దగ్గరగా ఉందో గమనించి ఎగిరి వెనక్కి దూకింది. మర్నాడు 2.5 మీటర్లు కాస్తా 3.5 అయింది. ఆశచూపి దగ్గరికి లాగితే ఇలాగే జరుగుతుంది. తిండి కోసం వచ్చేది నోరే, భయం మాత్రం కాళ్లలో అలాగే ఉండిపోతుంది.

మార్పు: కుర్చీలో కూర్చున్న మనిషి ట్రీట్‌ను కుక్క వెనక్కి విసరడం మొదలుపెట్టాం. కుక్క దూరంగా వెళ్లి తిని, తనంతట తనే ఎంతవరకు రావాలనిపిస్తే అంతవరకు వస్తుంది. మళ్లీ వెనక్కి విసరాలి. దూరంగా వెళ్లే వీలుందని తెలిసిన కుక్క దగ్గరికి రావడానికి భయపడదు. మూడు సెషన్లలో 3.5 నుంచి 1 మీటరుకు, ఆరు సెషన్లకు చెయ్యి తగిలేంత దగ్గరికి వచ్చింది. అప్పుడు కుర్చీని కదిలించడం మొదలుపెట్టాం, ఒక్కోసారి అరచక్రం చొప్పున.

కర్ర పడే చప్పుడుకు వరస:

1. కర్రకు తువ్వాలు చుట్టి 4 మీటర్ల దూరంలో కార్పెట్ మీద పడేయడం.
2. తువ్వాలు తీసి, కార్పెట్ మీదే.
3. తువ్వాలు లేకుండా గచ్చు మీద, 4 మీటర్లు.
4. గచ్చు మీదే, 2 మీటర్లు, కుక్క అటు చూడనప్పుడు.

ప్రతి అడుగులో తేరుకునే సమయం 5 సెకన్ల లోపుకు వస్తేనే తర్వాతి దానికి. నాలుగో అడుగు 10వ వారంలో 3 సెకన్లకు వచ్చింది. కుక్క అసలు ఉలిక్కిపడకూడదన్నది ఎవరి లక్ష్యమూ కాదు. పరీక్ష పెట్టేవాళ్లు చూసేది ఎంత తొందరగా తేరుకుంటుందన్నదే.

వీల్‌చైర్ దగ్గరికి వెళ్లే కోణం కూడా మార్చాం. ఎదురుగా వెళ్తే పాదాలు పెట్టుకునే రేకులు కుక్క ఛాతీకి తగిలాయి. పక్కనుంచి, చక్రం వెనక్కి కాకుండా కూర్చున్నవాళ్ల మోకాలి పక్కకు తీసుకెళ్లాలి. కుర్చీకి బ్రేకు పడిందో లేదో చూశాకే కుక్కను నిలపాలి, తోక చక్రం కింద పడేది అక్కడే. సెలైన్ స్టాండుకు లీష్ రెండుసార్లు చుట్టుకుంది. 6 అడుగుల లీష్ పక్కన పెట్టి 4 అడుగులది తెచ్చుకున్నది అందుకే. స్టాండూ కుక్కా ఎప్పుడూ మనకు ఒకే వైపు ఉండకూడదు.

ఇప్పటివరకు: 84 సెషన్లు, 8 గంటల 54 నిమిషాలు.

దశ 3: చెయ్యి పడటం (11–17 వారాలు)

అన్నిటికన్నా ఎక్కువ సెషన్లు తిన్నది ఇదే. తినాల్సిందే కూడా. పరీక్షలో మొరటుగా నిమరడం, గట్టిగా కావలించుకోవడం, ఒకేసారి చాలామంది చుట్టూ చేరడం, వెనకనుంచి తగలడం, తూలుతూ నడిచే మనిషి రావడం, పక్కనే కోపంగా అరవడం ఉంటాయి. వీటన్నిటికీ "ఆగు" అనే మాట చాలనుకున్నాం. కూర్చోబెట్టి, "ఆగు" అని, అయిదుగురు పరిచయస్తులతో వరసగా నిమిరించాం. కుక్క కదల్లేదు. నోట్‌బుక్‌లో "చాలా బాగుంది" అని రాసుకున్నాం.

13వ వారంలో వీడియోను శబ్దం తీసేసి, పావు వేగంతో చూశాం. 4 నిమిషాల్లో పెదవులు నాక్కోవడం 11 సార్లు, తల పక్కకు తిప్పుకోవడం 6 సార్లు, ఆవలింత 3 సార్లు. ఒకచోట వీడియో ఆపితే కంటి తెల్లగుడ్డు చంద్రవంకలా కనిపిస్తోంది. తలమీదికి వచ్చిన చెయ్యి వైపు కళ్లు తిప్పింది కానీ తల తిప్పలేదు. ఇంకోచోట కుక్క లేచి వెళ్లాక టైల్స్ మీద నాలుగు తడి అడుగులున్నాయి. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగునే. వేడిలేని గదిలో ఆ తడి కనబడితే అది ఒత్తిడి చెమటే.

అంటే అది ఓర్చుకుంటోంది. ఓర్చుకునే కుక్కకూ కోరుకునే కుక్కకూ బయటికి తేడా కనబడదు, ఒకరోజు ఓర్పు అయిపోయేదాకా. "ఆగు" మాటతో మేం దాని నోరు నొక్కేశాం. కదిలితే తప్పు అని నేర్పాం కాబట్టి, నచ్చలేదని చెప్పే దారి దానికి లేకుండా పోయింది.

ఆ రోజునుంచి తాకించే సాధనలో "ఆగు" పూర్తిగా మానేశాం. దాని బదులు గడ్డం ఆనించడం నేర్పాం:

1. అరచెయ్యి చాపి కుక్క గడ్డం ఎత్తులో పట్టుకోవాలి. గడ్డం తగిలిన క్షణాన ట్రీట్. లాగకూడదు, ఎత్తకూడదు.
2. ఆనించే సమయం 1 సెకను నుంచి 10 సెకన్లదాకా పెంచాలి.
3. అరచేతి బదులు మడిచిన తువ్వాలు, తర్వాత కూర్చున్న మనిషి తొడ.
4. గడ్డం ఆనించి ఉండగా రెండో మనిషి భుజం మీద ఒకసారి నిమరాలి. గడ్డం ఉన్నంతసేపే చెయ్యి ఉంటుంది. గడ్డం లేస్తే అదే క్షణాన చెయ్యి తీసేయాలి.
5. అక్కడినుంచి చెవి, పాదం, తోక, కావలింత. ఒక సెషన్లో ఒక్కటే కొత్తది.

నాలుగోదే అన్నిటికీ కీలకం. గడ్డం ఎత్తితే అంతా ఆగిపోతుందని కుక్కకు అర్థమయ్యేసరికి నాలుగు సెషన్లు పట్టింది. ఆ నాలుగు సెషన్లలో గడ్డం పదేపదే లేచింది, నిజంగా ఆగుతుందా అని పరీక్షించుకుంటున్నట్టు. ఆగుతుందని నమ్మకం కుదిరాక లేవడం తగ్గింది. 17వ వారం వీడియోలో అదే 4 నిమిషాలకు పెదవులు నాక్కోవడం 2, తల తిప్పడం 1, ఆవలింత 0. చివర్లో చెయ్యి తీసేస్తే మూతితో ఆ చేతిని కిందినుంచి పైకి నెట్టింది.

కొత్త మనుషులతో వాడేది ఇంకా తేలిక: 3 సెకన్లు నిమిరి చెయ్యి తీసేయమని చెప్తాం. కుక్క దగ్గరికి జరిగితే మళ్లీ నిమరొచ్చు. అలాగే ఉండిపోయినా, పక్కకు చూసినా, ఒళ్లు విదిలించుకున్నా అక్కడితో ఆపేస్తాం.

ఈ దశలో కుక్క కావలింతను ఎప్పటికీ ఇష్టపడకపోవచ్చు. అలాంటి కుక్కను ఆసుపత్రి వార్డుకు తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. పిల్లలు పక్కన కూర్చుని కథలు చదివి వినిపించే కార్యక్రమాలున్నాయి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 1999లో ఆర్.ఈ.ఏ.డి. పేరుతో మొదలైన పద్ధతి అది. ఒక పిల్ల, ఒక పుస్తకం, చాప మీద పడుకున్న కుక్క, అంతే. తాకించుకోవడం మీద ఆసక్తి లేని ప్రశాంతమైన కుక్క అక్కడ చక్కగా ఇమిడిపోతుంది.

ఇప్పటివరకు: 136 సెషన్లు, 14 గంటల 6 నిమిషాలు.

దశ 4: గోళ్లు, నేల, శుభ్రత (3వ దశతో పాటే)

పెద్దవాళ్ల చర్మం పల్చన. కుక్క గోరు ఒక్కసారి గీసుకున్నా చిరుగుతుంది. కత్తెరతో కత్తిరించిన గోరు అంచు మనం అనుకునేదానికన్నా పదును. చెయ్యి వెనకవైపు మీద గీసి చూస్తే తెలిసింది. అందుకే కత్తిరించాక ఆకురాయి పెట్టడం మొదలుపెట్టాం. వారానికోసారి, విజిట్‌కు ముందురోజు ఇంకోసారి.

మెరిసే నేల మీద వెనక కాళ్లు జారాయి. ముందు భయమనుకున్నాం, కాదు. పాదాల మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగి నేలకు పట్టు దొరకడం లేదు. వాటిని మెత్తల మట్టానికి కత్తిరించాక 6 మీటర్ల నడవాలో జారడం 7 నుంచి 1కి తగ్గింది. కుక్క వెనకాడితే ధైర్యం నేర్పడానికి ముందు పాదాలు తిప్పి చూడండి.

స్నానం విజిట్‌కు 24 గంటల లోపు చేయించాలని కొన్ని సంస్థల నియమం. వారానికి రెండుసార్లు సాధన స్నానాలు పోసేసరికి మూడో వారానికి పొట్ట కింద పొడిబారి పొట్టు లేచింది. రాలే పొట్టును వార్డులోకి తీసుకెళ్లడం స్నానం లేకపోవడం కన్నా అధ్వానం. సాధన రోజుల్లో దువ్వి తడిగుడ్డతో తుడవడమే, అసలు విజిట్‌కు మాత్రమే స్నానం అని మార్చుకున్నాం.

చేతుల సంగతి: కుక్కను తాకే ముందూ తర్వాతా ప్రతి ఒక్కరూ శానిటైజర్ వాడాలి. మొదటిసారి జెల్ ఆరకముందే ఒకరు నిమిరితే కుక్క ఆ చేతిని నాకబోయింది. "ముందు చేతులు బాగా ఆరనివ్వండి" అని చెప్పడం హ్యాండ్లర్ (కుక్కను వెంట తీసుకెళ్లే మనిషి) పనే. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే అనే క్రిమి బీజాలు ఆల్కహాల్‌కు చావవు, సబ్బూ నీళ్లూ కావాల్సిందే. విడిగా ఉంచిన రోగుల గదుల్లోకి వెళ్లకూడదన్న నియమం వెనక ఇలాంటి కారణాలే ఉన్నాయి. గుమ్మం మీద బోర్డు చదవకుండా ఏ గదిలోకీ అడుగు పెట్టొద్దు.

దశ 5: హ్యాండ్లర్ శిక్షణ, కుక్క లేకుండా (18–20 వారాలు)

దీన్ని చాలామంది వదిలేస్తారు. ఒక పెద్ద బొమ్మకుక్కకు మెడపట్టీ, లీష్ కట్టి, పరిచయస్తుల్ని రోగులుగా కూర్చోబెట్టి 12 సెషన్లు చేశాం, ఒక్కోటి 20 నిమిషాలు. మొత్తం 4 గంటలు. పై లెక్కలో ఇవి కలపలేదు.

తేలిన లోపాలు:

- మాట్లాడుతున్నంతసేపూ కళ్లు మనిషి మీదే ఉన్నాయి. 20 నిమిషాల వీడియోలో "కుక్క"ను చూసింది మొత్తం 3 నిమిషాలు కూడా లేదు. మార్పు: ప్రతి రెండో వాక్యానికి ఒకసారి చూపు కిందికి.
- ఇబ్బందిగా అనిపించిన ప్రతిసారీ లీష్ చేతికి ఇంకో చుట్టు పడింది. లీష్ బిగిస్తే కుక్కకు అందే కబురు "ఇక్కడేదో ప్రమాదం ఉంది" అని. మార్పు: లీష్‌ను ఒక చేతిలో మడిచి పట్టుకుని, బొటనవేలు నడుము పట్టీలో దూర్చడం.
- వద్దని చెప్పడం నోటికి రాలేదు. మొహమాటం. ముందే మాటలు తయారుగా పెట్టుకున్నాం: "వీడికి కాస్త గాలి కావాలండి, ఒక్క నిమిషం ఆగుదాం." "మెడ చుట్టూ వద్దమ్మా, ఇలా వీపు మీద నిమురు, వాడికి అదిష్టం." పది పదిహేనుసార్లు పైకి అన్నాకగానీ తడబడకుండా రాలేదు.
- గదిలోకి వెళ్లగానే కుక్కను ముందుకు నడిపించడం. ముందు గుమ్మంలో ఆగి, "కుక్కను తీసుకురావచ్చాండీ?" అని అడగాలి. వద్దంటే నవ్వి వెళ్లిపోవాలి. కుక్కలంటే భయం ఉన్నవాళ్లు మంచం దిగి పారిపోలేరు కదా.

రోగి పేరు, జబ్బు, ఫొటో బయటికి పోకూడదు. ఫోన్ సైలెంట్‌లో సంచిలో.

దశ 6: నమూనా పరీక్ష, ఫెయిల్, మళ్లీ (18–25 వారాలు)

అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్ల కెనైన్ గుడ్ సిటిజన్ పరీక్షలో 10 అంశాలుంటాయి. పరిచయం లేని మనిషి పలకరింపు, కూర్చుని నిమిరించుకోవడం, దువ్వనివ్వడం, వదులు లీష్‌తో నడక, గుంపులోంచి నడక, "కూర్చో–పడుకో–ఆగు", పిలిస్తే రావడం, ఇంకో కుక్క ఎదురుపడటం, పరధ్యానాలు, హ్యాండ్లర్ కనబడకుండా 3 నిమిషాలు. ఈ పదీ, వాటిపైన మూడో దశలో చెప్పిన మొరటు పనులూ కలిపి 21వ వారంలో నమూనా పెట్టుకున్నాం. పరిశీలకురాలు కుక్కకు పూర్తిగా కొత్త మనిషి.

ఫలితం: ఫెయిల్, రెండుచోట్ల.

ఒకటి, ఇంకో కుక్క. 3 మీటర్ల దగ్గర మావాడు ముందుకు ఒక్క గుంజు గుంజాడు. కోపంతో కాదు, ఆడుకుందామని. పరీక్షలో రెండూ ఒకటే. వీడియో చూస్తే గుంజడానికి రెండు సెకన్ల ముందే హ్యాండ్లర్ లీష్ బిగించారు. బొమ్మకుక్కతో నేర్చుకున్నది నిజం కుక్క ఎదురుపడగానే మర్చిపోయారు.

రెండు, ట్రీట్లు. పరీక్షలో ట్రీట్లు కనబడకూడదు. నడుముకు సంచి లేకపోయేసరికి నాలుగో అంశం దగ్గర కుక్క పరిశీలకురాలి జేబులు వాసన చూడటం మొదలుపెట్టింది. తప్పు దానిది కాదు. 21 వారాలపాటు ప్రతి మంచి పనికీ వెంటనే చేతిలోంచి వచ్చింది, ఆ రోజు ఒక్కసారిగా ఆగిపోయింది.

మార్పులు:

1. ట్రీట్లు నడుము సంచిలోంచి గది బయట మూతపెట్టిన డబ్బాలోకి. గదిలో ఒక పని, బయటికి పరుగు, డబ్బా దగ్గర ట్రీట్.
2. తర్వాత గదిలో రెండు పనులు, అయిదు, చివరికి 12 నిమిషాల మొత్తం వరస. పెంచేటప్పుడు ఒక్కోసారి మధ్యలో ఒక్క పనికే బయటికి వచ్చి ఇచ్చేయాలి. ఎప్పుడొస్తుందో తెలియకపోతేనే ఆశ నిలుస్తుంది.
3. నడుమ మాట, నిమరడం. అవి ఈ కుక్కకు బహుమానాలేనా అని ముందు 3 సెకన్ల పద్ధతిలో చూసుకున్నాకే.
4. ఇంకో కుక్కతో 10 మీటర్ల దూరంలో సమాంతరంగా నడక, సెషన్‌కు ఒక మీటరు చొప్పున దగ్గరికి. రెండు కుక్కల మధ్యా ఎప్పుడూ ఒక హ్యాండ్లర్.

25వ వారం రెండో నమూనా: అన్నీ పాస్. ఇంకో కుక్కను చూసి తల తిప్పింది, లీష్ వదులుగానే ఉంది. 27వ వారం అసలు పరీక్ష, పాస్. ఈ పాస్ జీవితకాలానిది కాదు. పెట్ పార్ట్‌నర్స్ రెండేళ్లకోసారి జట్టును మళ్లీ పరీక్షిస్తుంది.

ఇప్పటివరకు: 176 సెషన్లు, 20 గంటల 6 నిమిషాలు.

దశ 7: మొదటి అయిదు విజిట్లు (29–37 వారాలు, రెండు వారాలకొకటి)

ఇంటినుంచి కదిలే ముందు: మల మూత్రాలు అయ్యాయా, తిని రెండు గంటలైందా, ముందురోజు గోళ్లు, 24 గంటల లోపు స్నానం, చర్మం మీద గాయాల్లేవా, విరేచనాల్లేవా. సంచిలో మడిచే గిన్నె, నీళ్లు, శానిటైజర్, పారేసే పడక షీట్లు, మలం తీసే కవర్లు, టీకా కాగితం.

విజిట్ 1, 15 నిమిషాలు, ఇద్దరు. లిఫ్ట్ దగ్గర ఆలస్యమైంది. తలుపు మూసుకుంటుంటే కుక్క లోపల, లీష్ సగం బయట. అప్పటినుంచి లీష్ పొట్టిగా పట్టుకుని పక్కపక్కనే దాటడం, లోపల కుక్కను మూలకు నిలిపి మనం అడ్డంగా నిలబడటం.

విజిట్ 2, 20 నిమిషాలు. మంచం మీదికి పిలిచారు. షీట్ పరిచాం కానీ కుక్కను దూకించాం, ఆ ఊపుకు మంచం కదిలింది. ఇకముందు: నర్సు ఒప్పుకోవాలి, మంచం చక్రాలకు తాళం పడాలి, ట్యూబులు ఏ వైపున్నాయో అడగాలి. మంచానికి ఆనించిన కుర్చీ మీద షీట్ పరిచి కుక్కను దానిమీద కూర్చోబెడితే మంచం ఎక్కాల్సిన పనే ఉండదు.

విజిట్ 3, 20 అనుకుని 12 దగ్గర ఆపేశాం. నడవాలో మధ్యాహ్నం తిండి బండ్లు తిరిగే వేళ. "వదిలెయ్" పనిచేసింది, కానీ తొమ్మిదో నిమిషానికి నోరు తెరిచి వగర్చింది, మెడ దగ్గర వెంట్రుకలు చేతికి గుప్పెడు వచ్చాయి. వేడి లేదు, నడక లేదు. బయటికి వచ్చాక ఇచ్చిన ట్రీట్‌ను వేళ్లకు పళ్లు తగిలేలా లాక్కుంది. తిండి వేళకు గంట ముందో గంటన్నర తర్వాతో తప్ప వెళ్లకూడదని నిర్ణయం.

విజిట్ 4, 25 నిమిషాలు, ముగ్గురు. వేళ మార్చాక వగర్పు లేదు. ఒక పెద్దాయన చెయ్యి వణుకుతూ తలమీదికి వచ్చింది. కుక్క గడ్డం ఆయన మోకాలి మీదే ఉంది.

విజిట్ 5, 30 నిమిషాలు, నలుగురు. 26వ నిమిషంలో గడ్డం లేచింది. మళ్లీ పెట్టలేదు, గుమ్మం వైపు చూసింది. మేం ఇంకో నాలుగు నిమిషాలు లాగాం, నాలుగో ఆవిడ పాపం చాలాసేపటినుంచి ఎదురుచూస్తున్నారని. లాగకూడదు. ఇంటికొచ్చాక 3 గంటలు నిద్రపోయింది. విశ్రాంతిలో శ్వాస 18కి దిగడానికి 50 నిమిషాలు పట్టింది, నాలుగో విజిట్ తర్వాత 20 పట్టింది.

మార్గదర్శకాలు ఒక విజిట్ గంటకు మించొద్దంటాయి. అది పైహద్దు మాత్రమే, చేరుకోవాల్సిన లక్ష్యం కాదు. ఈ కుక్కకు ఇప్పటికి హద్దు 25.

విజిట్ల మొత్తం: 5, కలిపి 102 నిమిషాలు, 12 మంది.

6వ విజిట్‌కు మార్పులు: సమయం 22 నిమిషాలు, ముగ్గురికి మించకుండా. పోయినసారి చాలాసేపు ఎదురుచూసినావిడ దగ్గరికే ముందు వెళ్లాలి. నోట్‌బుక్‌లో కొత్త గడి ఒకటి: "గడ్డం మొదటిసారి లేచిన నిమిషం."